నూనె తాగిన బుష్షులు

మా బావ లేత్ మీద తిప్పిన షాఫ్టుల్లో గరుకు లేదు. ఈ మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. నేను నోరు మెదపకపోవడం వల్ల, పేటంతా మెచ్చుకునే ఆయన చేతికి చెడ్డపేరు వచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. ఎనభైల చివర మా మగ్గాల ఊళ్లో, కుంఠా నాకా కూడలి దగ్గర, ఆయనకు లోహపు భాగాలు తిప్పి కోసే లేత్ షాపు ఉండేది. చుట్టుపక్కల కార్ఖానాల్లో మగ్గం భాగం ఏది అరిగినా ఆయన దగ్గరికే తెచ్చేవారు. నేను చాదర్లు నేయడం మానేసి ఆయన దగ్గర పనికి కుదిరాను. కంచులాంటి గన్‌మెటల్ కడ్డీని తిరిగే చక్కులో బిగించి ఆయన టూల్ ఆనిస్తే లోహపు పొట్టు బొంబాయి రవ్వలా రాలేది. ఉక్కు షాఫ్టు తయారయ్యాక దాని మీద గోటితో గీసి చూసేవాడు. గోరు ఎక్కడైనా ఆగిందంటే మళ్లీ మిషన్ ఎక్కించాల్సిందే. గిరాకీ ఎంత తొందరపెట్టినా సరే.

ఒకసారి నన్ను వెంటబెట్టుకుని పుణె దగ్గర ఒక ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లాడు. అక్కడ బుష్షులను, అంటే షాఫ్టు తిరిగే చోట తొడిగే చిన్న లోహపు గొట్టాలను, కోయకుండానే తయారు చేస్తున్నారు. రాగి పొడి, తగరం పొడి కలిపి అచ్చులో పోసి ప్రెస్సుతో నొక్కుతారు. అచ్చులోంచి వచ్చినదాన్ని చేతిలోకి తీసుకున్నాను. చూడటానికి బుష్షే, అంచు మాత్రం బిస్కెట్‌లా రాలింది. దాన్ని కొలిమిలో పెడితే కరగదు కానీ, రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆ తర్వాత గాలి తీసేసిన డ్రమ్ములో వేడి నూనె పట్టిస్తారు. రేణువుల మధ్య ఖాళీలన్నిటినీ నూనె నింపేస్తుంది.

బావ ఆ ప్రెస్సు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూసినవా బామ్మర్ది, కింద పొట్టు లేదు. మనం సగం కోస్తం, సగం ఊడుస్తం. గీ బుష్ జిందగీల నూనె అడగదంట. షాఫ్ట్ తిరిగి వేడైతే నూనె బయటికొస్తది, ఆగినంక మళ్ల లోపటికే పోతది."

ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే ముచ్చట. ఒక డబ్బా బుష్షులు కొని ఒళ్లో పెట్టుకున్నాడు.

భవాని పేట్‌లో ఒక చాదర్ల కార్ఖానా సేట్ వాటిని పెట్టించడానికి ఒప్పుకున్నాడు. బట్ట చుట్టే రోలర్ పక్కనున్న గేర్ల నుంచి ఆయన చాదర్ల మీద నూనె చుక్కలు పడేవి. మరక పడ్డ చాదర్‌ను ఎవరూ కొనరు.

"పొడితోని బుష్ అంటివి మేస్త్రి. మా ఇంటామె దగ్గర జొన్నపిండి ఉన్నది, దాంతోని గూడ చేస్తవా?"

"మీ ఇంట్ల రొట్టె అంత గట్టిగుంటదంటే చేస్త సేట్."

కార్ఖానాలో అందరూ నవ్వారు. బావ కొత్త షాఫ్టులు తిప్పాడు. బుష్షులు బిగించే పని నాకు అప్పజెప్పి ఇంకో కార్ఖానాకు వెళ్లాడు. డబ్బా తెరిస్తే అవి నూనెతో జిగటగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి మగ్గం మీద కూర్చున్నవాణ్ని, నూనె కనిపిస్తే నాకు చాదర్ మీద మరకే కనిపిస్తుంది. లోపలి నూనె ఎటూ పోదు, పైదే పోతుందనుకున్నాను. పెట్రోల్‌లో వేసి బ్రష్షుతో రుద్ది, రేకు మీద ఎండబెట్టి, బిగించేశాను.

బావ తిరిగి వచ్చి అడిగాడు. "డబ్బాల ఉన్నయి ఉన్నట్టే కొట్టినవా?"

"ఆ, బావా."

కొద్ది రోజులకే గేర్లు కీచుమన్నాయి, ఆపై మగ్గమే ఆగిపోయింది. విప్పి చూస్తే బుష్షులు ఎండిపోయి షాఫ్టులను కొరికేశాయి. పెట్రోల్ లోపలి నూనెను కూడా లాగేసిందని చూడగానే నాకు అర్థమైంది. బావ షాఫ్టు మీద గోరు పెట్టి చాలాసేపు అటూ ఇటూ గీశాడు.

"తప్పు నాదే సేట్. ఫినిష్ సాఫ్ రాలె, ఆ గరుకుకే బుష్‌లు ఎండినయి."

గన్‌మెటల్ బుష్షులు తిప్పి, పైసా తీసుకోకుండా పెట్టి ఇచ్చాడు. పేటలో ఆయనకు 'పొడి మేస్త్రి' అని పేరు పడింది. అక్క గడపలో బీడీలు చుడుతూ, "నజర్ తగ్గిందేమో, దవాఖానల చూపిచ్చుకో" అంది. ఆయన నిజంగానే వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత సన్నని పని ఏది వచ్చినా నాకిచ్చాడు. "నీ చెయ్యి సాఫున్నది" అనేవాడు. నేను ఆ పని తీసుకున్నాను, ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, తొంభైల చివర, అదే సేట్ టేబుల్ ఫ్యాన్ రిపేరుకు తెచ్చాడు. బావ విప్పితే లోపల ఉన్నది అటువంటి పొడి బుష్షే.

"అరె మేస్త్రి, ఇన్నేండ్ల సంది తిరుగుతుంది గద! నీ చేతిలనే ఎట్ల ఆగింది?" అని సేట్ నవ్వాడు.

బావ కూడా నవ్వాడు. "షాఫ్ట్ చేసినోని చెయ్యి మంచిగుండాలె సేట్."

ఎప్పుడూ లేనిది, ఆయన తన చేతిని తానే వెక్కిరించుకున్నాడు. నాకిక లేత్ ముందు నిలబడబుద్ధి కాలేదు. మిషన్ ఆపి, సేట్ వింటుండగానే జరిగిందంతా చెప్పాను.

బావ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "కిరసనాయిలా, పెట్రోలా?"

"పెట్రోల్."

"ఎండల గూడ పెట్టినవా?"

"పెట్టిన."

నా వైపు చూడలేదు. సేట్ వైపు తిరిగి, "అయితే నా షాఫ్ట్ మంచిగనే ఉండె" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. సేట్ ఈసారి నవ్వలేదు.

"మంచిగనే ఉండె బావా," అన్నాను. "చెడగొట్టింది నేను. అడిగిన్నాడు అబద్ధం చెప్పిన. ఇన్నేండ్లు నీ పేరు పోతుంటే చూసుకుంట నిలవడ్డ. నన్ను మాఫ్ చెయ్యి."