నోయెమీకి రాని ఉత్తరం

నోయెమీ క్వామాట్సి పదకొండు రోజుల తేడాతో మొదటి ఓటు పోగొట్టుకుంది. మా ఊరు వామాంట్లాలో, మా వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ పిల్లే అందరికీ చెప్పుకుంది. ఆ ఏడు దేశాధ్యక్షుడి ఎన్నిక జూలై ఒకటిన పడింది. నోయెమీకి పద్దెనిమిది నిండేది పన్నెండున. వాళ్ళ అత్త కూతురు బ్రీసాకి మాత్రం జూన్‌లోనే నిండాయి.

ఇద్దరూ ఒకే వాకిట్లో, ఎదురెదురు గదుల్లో పెరిగినవాళ్ళు. బ్రీసా ఓటేసి వచ్చి, సిరా పూసిన బొటనవేలు అందరికీ చూపిస్తూ వారం రోజులు తిరిగింది.

"ఎవరికేశావే?" అని నోయెమీ అడిగింది.

"మా నాన్న చెప్పినవాళ్ళకి. పేరు గుర్తులేదు."

నోయెమీ ఆ పూట తిండి ముట్టలేదు. నేను వాళ్ళ ఎదురింటిదాన్ని. వాళ్ళమ్మ బతిమాలడం మా కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

మా దేశంలో అధ్యక్షుడి ఎన్నిక ఆరేళ్ళకోసారి. ఆ ఆరేళ్ళూ నోయెమీ ఊరికే కూర్చోలేదు. తల్లి చేయి విరగడంతో కాలేజీ మొదటి ఏడాదిలోనే మానేసి, బజారులో త్లకోయోల బండి దగ్గర, బీన్స్ కూరిన ఆ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తూ నిలబడింది. మధ్యాహ్నం బండి కట్టేశాక గ్రంథాలయం వరండాలో కుర్రాళ్ళను పోగేసి ఓటరు కార్డుకి ఏమేం కావాలో చెప్పేది. కాగితాలు సరిచేసి, తనే వెంటబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళేది.

"ఎవరొచ్చినా మా బస్సు చార్జీ తగ్గదు కదక్కా," అని ఒకడు నవ్వాడు.

"తగ్గదు. తగ్గించమని అడగాలంటే మాత్రం నీ పేరు జాబితాలో ఉండాలి గదరా. పుట్టినరోజు కాగితం తెచ్చావా లేదా?"

అలా ముప్పై ఏడు మందికి కార్డులు ఇప్పించింది. ఈలోపు బ్రీసా డిగ్రీ పూర్తి చేసి ఒక గుమాస్తా ఉద్యోగంలో చేరింది.

మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. బూత్‌లో కూర్చుని ఓటింగు నడిపేది మా దగ్గర మామూలు ఓటర్లే; వాళ్ళను చీటీ తీసి, పుట్టిన నెలను బట్టి, ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి పిలుస్తారు. ఒక మధ్యాహ్నం గులాబీ రంగు చొక్కా వేసుకుని ఎఫ్రాయిన్ అనే కుర్రవాడు వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు. బూత్‌వాళ్ళకు శిక్షణ ఇచ్చే పని అతనిది. తలుపు తీసింది నోయెమీ.

"బ్రీసా త్లపాలె గారున్నారా? ఉత్తరం ఇవ్వాలి."

"నోయెమీ క్వామాట్సి పేరు లేదా? సరిగ్గా చూడండి."

అతను జాబితా రెండుసార్లు చూశాడు. "లేదండీ. మీ అక్షరం పడలేదు."

ఆమె ఉత్తరం తీసుకుంది, ఇస్తానంది. తీసుకెళ్ళి బీన్స్ బస్తా కింద పెట్టింది. తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. పదో రోజు ఎఫ్రాయిన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వాకిట్లో బ్రీసా తల్లి, అత్త చేలా ఉంది. ఉత్తరమేదీ అందలేదంది.

"అదేంటి, ఆ అమ్మాయికి ఇచ్చి వెళ్ళానే!" అన్నాడు నోయెమీని చూపిస్తూ.

"మర్చిపోయానత్తా," అంది నోయెమీ.

"నువ్వా? ఎన్నికల సంగతి నువ్వు మర్చిపోయావా?"

నోయెమీ ఉత్తరం తెచ్చిస్తే, బ్రీసా అందుకుని చదువుకుంటూ తన గదిలోకి వెళ్ళింది. తిట్టినా బాగుండేదని నోయెమీ తర్వాత నాతో అంది.

చదువు ఎక్కువని బ్రీసాను ఏకంగా బూత్ అధ్యక్షురాలిని చేశారు. చేలా సంబరం చెప్పనలవి కాదు. "దేశానికి అధ్యక్షుడెవరో ఇంకా తేలలేదు, మా ఇంట్లో మాత్రం తేలిపోయింది!" అని రొట్టెల దుకాణం దాకా చెప్పుకుంటూ పోయింది. ఎఫ్రాయిన్ వాకిట్లో నమూనా బ్యాలెట్లు పరిచి పాఠం చెబుతుంటే, నోయెమీ బట్టలుతుకుతూ అక్కడి నుంచే తప్పులు దిద్దేది.

"అన్నీ నీకే తెలుసు కదే, నువ్వే వెళ్ళి కూర్చో పో!" అని బ్రీసా విసుక్కుంది.

"పిలిచుంటే వెళ్ళేదాన్నే," అంటూ నోయెమీ చొక్కాను రాతికేసి బాదింది.

ఎన్నికల ఆదివారం బడి గేటు ముందు వరసలో మొదట నిలబడింది నోయెమీ, ఆమె వెనక నేను. ఎనిమిదైంది. ఓట్లు లెక్కించేవాళ్ళలో ఒకరు రాలేదు. బదులు రావలసినవాళ్ళూ రాలేదు. అలాంటప్పుడు వరసలోంచి ఒకరిని తీసుకోవాలి. బ్రీసా బయటికి వచ్చింది. నోయెమీ అప్పటికే సంచీ భుజానికి ఎక్కించుకుంది. బ్రీసా ఆమెను దాటి వెనక్కి వెళ్ళిపోయింది!

టైర్ల షాపాయన్ను అడిగింది. కొట్టు తెరవాలన్నాడు. ఒక టీచరమ్మను అడిగింది. పసిబిడ్డ ఉందంది. నోయెమీ ముఖం నల్లబడిపోయింది. చివరికి బ్రీసా తిరిగి వచ్చింది.

"నువ్వు వస్తావా?"

"చిట్టచివరికా నన్నడగడం?"

"ముందే అడిగితే ఇంటిమనిషిని పెట్టుకుందంటారే. అదిగో, పార్టీలవాళ్ళు చూస్తున్నారు. రా."

వెళ్ళింది. లెక్క మొదలయ్యే సాయంత్రం ఆరు దాకా ఆమెకు పెద్ద పని లేదు, బ్రీసాను చూస్తూ కూర్చోవడం తప్ప. బ్రీసా తప్పు చేస్తుందేమోనని కాచుకుంది. చేయలేదు. నడవలేని ముసలమ్మకు కుర్చీ వేయించింది, గొంతు పెంచిన పార్టీ మనిషిని నవ్వుతూనే కూర్చోబెట్టింది. నోయెమీ కార్డులిప్పించిన ఆడపిల్లలు మొదటి ఓటేసి, బ్రీసాతో ఫొటోలు దిగారు. "ఆ ఫొటోల్లో నాది మోచేయి మాత్రం ఉంది," అని నోయెమీ నాతో చెప్పింది.

అధ్యక్షుడికీ, సెనేటుకీ, దిగువ సభకీ ఒకే రోజు ఓటు, వేరువేరు పెట్టెలు. తలుపులు మూశాక ముందు అధ్యక్షుడి పెట్టె విప్పి లెక్కపెట్టారు. ఓటేసినవాళ్ళు నాలుగువందల పన్నెండు. బ్యాలెట్లు నాలుగువందల పదకొండు. మళ్ళీ లెక్కపెట్టారు. అంతే. పార్టీలవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. బ్రీసా మెడ మీద చెమట కారుతోంది.

ఆ ఒక్కటీ ఎక్కడుంటుందో నోయెమీకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

"ఆ కాసేపూ ఎంత హాయిగా ఉందో చెబితే నన్ను చెడ్డదాననుకుంటావు," అంది నాతో.

ఒకటి తక్కువని లెక్కల కాగితంలో రాయడానికి బ్రీసా కలం తీసింది. కలం చేజారి కింద పడింది. అది తీసిచ్చింది నోయెమీయే.

"ఇంకా రాయకు. మిగతా పెట్టెలు తెరువు. ఎవరో ఒక పెట్టెలో వేయాల్సింది ఇంకోదాంట్లో వేసుంటారు."

సెనేటు పెట్టెలో దొరికింది, నాలుగు మడతలు పెట్టి ఉంది. బ్రీసా దాన్ని పైకెత్తి చూపి, "ఈ మాట చెప్పింది నోయెమీ. నాకు తట్టలేదు," అని అందరికీ వినబడేలా అంది.

నోయెమీకి ఆ మెప్పు కూడా మింగుడుపడలేదు. "అదలా మంచిగా ఉంటే నేనెలా కుళ్ళుకోవాలి, నువ్వే చెప్పు!" అని మర్నాడు మా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది, నవ్వింది కూడా.

తర్వాత బ్రీసా ఉద్యోగం మారి ప్వెబ్లా వెళ్ళిపోయింది. నోయెమీ పరీక్ష రాసి, ఎఫ్రాయిన్‌లాగే బూత్‌వాళ్ళకు శిక్షకురాలైంది. ఇప్పుడు గులాబీ చొక్కా ఆమెది, తలుపులు తట్టేది ఆమె. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు బూత్‌లో కూర్చోకూడదు. అది తెలిసే చేరింది.

నిన్న మా వీధి చివర మెకానిక్ కూతురికి, పంతొమ్మిదేళ్ళ పిల్లకి, బూత్ అధ్యక్షురాలిగా నియామకం ఇచ్చి, మా ఇంటికొచ్చి మంచినీళ్ళడిగింది.

"పిల్ల ఎలా ఉంది?" అన్నాను.

"చురుకైంది. ఒక్కసారి చెబితే చాలు, పట్టేసింది." గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. "ఛీ, మళ్ళీ మొదలైంది నాకు," అని, తర్వాతి ఇంటి నంబరు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.