పాట మధ్యలో బజ్జీ వేయని అచ్చమ్మ గారు

హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో పెళ్ళికి వచ్చిన కుర్రాళ్ళు, నేను స్పీకర్లు కడుతుంటే దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న వేస్తారు. "ఇక్కడ రాత్రిపూట ఏముంటుందండీ?" అడగడంలో తప్పులేదు. కానీ అడిగేటప్పుడే, ఏమీ ఉండదులే పాపం అన్నట్టు మొహం పెడతారు చూడండి, దానికి నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పయ్యేళ్ళుగా అమలాపురంలో మైక్‌సెట్ నడుపుతున్నవాణ్ణి. ఈ కోనసీమలో పాట లేని వారం నేను చూడలేదు. అమ్మవారి జాతరలు, వినాయక చవితి పందిళ్ళు, చర్చి పండగలు, రిసెప్షన్లు. ఎక్కడో ఒకచోట ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఎవరో ఒకరు "హలో, మైక్ టెస్టింగ్" అంటూనే ఉంటారు.

వాళ్ళకి నేను చెప్పే సమాధానం కూడా ఒకటే. "స్టేజీకి ఎదురుగా కుర్చీలుంటాయి, వాటిలో కూర్చోకండి. అవి కమిటీవాళ్ళ చుట్టాలవి. వాళ్ళు పాట వినరు, ఫోనులో వీడియో తీసుకుంటారు. ఎడమపక్క అచ్చమ్మ గారి బజ్జీల బండి ఉంటుంది, వెళ్ళి దాని పక్కన నిలబడండి. పాట అయ్యాకే బజ్జీ అడగండి. మధ్యలో అడిగారో, మీ పరువే పోతుంది."

అచ్చమ్మ గారికి అరవై దాటాయి. సన్నగా, పొట్టిగా ఉంటారు. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఎక్కడ ఆర్కెస్ట్రా పెడితే అక్కడికి ఆవిడ బండి వస్తుంది. భర్త వీరబాబు గారు చాలాకాలం కువైట్‌లో వంటపని చేసి వచ్చారు. ఇప్పుడు ఇంటిపట్టున ఉండి ఆవిడకి ఉల్లిపాయలు తరిగి పెడుతుంటారు. తీర్థాల్లో, జాతరల్లో బండి పెట్టేవాళ్ళెవరైనా జనం నడిచే దారి చూసుకుంటారు. ఈవిడ మాత్రం పాట వినపడే చోటు చూసుకుంటారు. నా స్పీకరు చెవుల్లో హోరెత్తకూడదు, పాడేవాళ్ళ పెదాలు కనపడాలి. "అక్కడ బేరం తక్కువ కదండీ" అంటే, "బేరానికేముందండి బాబూ, రేపు కూడా ఉంటుంది" అంటారు.

ఇక ఆవిడ పద్ధతి ఏమిటంటే, పాట బాగుంటే మూకుట్లో పిండి పడదు. పిండిలో ముంచిన మిరపకాయ నూనెలో వేయగానే సుయ్యిమని లేస్తుంది కదా, ఆ చప్పుడు పాటకి అడ్డమని. పల్లవి ఎత్తుకోగానే మంట తగ్గించి, చిల్లుల గరిటె పక్కన పెట్టి, పిండి చెయ్యి గిన్నెలోనే ఉంచుకుని వింటారు. ఎదురుగా పదిమంది నిలబడి ఉన్నా సరే. ఒకసారి ఓ పెద్దమనిషి కారు దిగి వచ్చి "తొందరగా కానియ్యమ్మా" అన్నాడు. "చరణం అవనియ్యండి" అన్నారీవిడ. ఆయన అవనిచ్చాడు. చేసేదేముంది?

"ఎందుకండీ ఇంత పట్టింపు?" అని నేనే ఒకసారి అడిగాను.

"బజ్జీ ఎప్పుడైనా తినొచ్చండి మురళీ బాబూ. పాడేవారు మధ్యలో ఊపిరి తీసుకుంటారు చూడండి, అది వినపడాలండి నాకు. అదే ఊపిరి మళ్ళీ తీసుకోరు కదండీ."

నేను అప్పులు చేసి స్పీకరు పెట్టెల మీద పెట్టెలు కొన్నది ఆ ఊపిరి వినిపించడానికే కదా! ఇన్నాళ్ళకి ఒక మనిషి దాన్ని విన్నదని తెలిసి, ఆ రాత్రి నిజంగా కడుపు నిండిపోయింది.

పాట బాగోకపోతే మాత్రం ఆవిడకి మొహమాటం లేదు. ధారాళంగా వేయిస్తారు. దాంతో పాడేవాళ్ళకి ఇదొక పరీక్ష అయి కూర్చుంది. కాకినాడ నుంచీ రాజమండ్రి నుంచీ వచ్చేవాళ్ళు కూడా జనం చప్పట్లకన్నా ముందు ఎడమపక్కకే చెవి పెడతారు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే బతికిపోయినట్టు. సుయ్యిమందా, ఆ పాట గోదాట్లో కలిసినట్టే. నేను ఎకో పెంచి, బేస్ తగ్గించి, చెమటలు కక్కుతుంటే అడిగే నాథుడు లేడు. అందరికీ ఆవిడ మూకుడే కావాలి. నాకు కుళ్ళు లేదని చెప్పను.

అందరి పాటా ఒక ఎత్తు, కృపారావు గారి పాట ఒక ఎత్తు ఆవిడకి. ఆయన పగలు కరెంటాఫీసులో ఉద్యోగం చేసేవారు, సాయంత్రమైతే సొంత ఆర్కెస్ట్రా. చర్చి పాటల్లో పెరిగిన గొంతు. అలవోకగా పైస్థాయికి వెళ్ళి అక్కడే నిలబడిపోయేది. ఆయన పాడుతున్నంతసేపూ బండి దగ్గర జనం కూడా అడగడం మానేసి నిలబడేవారు.

రెండేళ్ళ క్రితం ఆయన మెడకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు కానీ గొంతు బొంగురుపోయింది. అప్పట్నుంచి స్టేజీ వెనకాల కుర్చీ వేసుకుని మిగతావాళ్ళ చేత పాడించడమే తప్ప మైకు ముట్టుకోలేదు. ప్రతి ప్రోగ్రాంలోనూ అచ్చమ్మ గారు నన్ను అడిగేవారు. "కృపారావు గారు ఈ రోజైనా పాడతారాండీ?" పాడరండీ అంటే, "ఆయ్" అని ఊరుకునేవారు. ఆ "ఆయ్" వినలేక చచ్చేవాణ్ణి.

మొన్న దసరాల్లో ఉప్పలగుప్తం దగ్గర ఒక ఊళ్ళో ప్రోగ్రాం. సామాను దించుతుండగా కృపారావు గారు నా దగ్గరికి వచ్చారు.

"ఇదే ఆఖరు మురళీ. ఆర్కెస్ట్రా ఎత్తేస్తున్నాను. పాడలేనివాడికి ఆర్కెస్ట్రా ఎందుకు చెప్పు."

నేను బతిమాలాను, వాదించాను, అరిచాను కూడా. ఆయన వినలేదు. తిన్నగా అచ్చమ్మ గారి బండి దగ్గరికి నడిచారు.

"ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ వెయ్యండి అచ్చమ్మ గారూ."

ఇది మామూలు మాట కాదు. గొంతు పాడవుతుందని నూనె సరుకు జోలికే పోని మనిషి ఆయన. ఆ బండి మీద ఎన్నడూ ఒక్క బజ్జీ తినలేదు. పాడేవాళ్ళు అడిగినా ఆవిడ ఇచ్చేవారు కాదు, అల్లం ముక్క చేతిలో పెట్టి పంపేసేవారు. ఇప్పుడు ఆ ప్లేటు ఇస్తే, ఇక మీ పాట అయిపోయిందని ఆవిడ కూడా ఒప్పుకున్నట్టే.

"పాడేవారికి పెట్టనండి" అన్నారు అచ్చమ్మ గారు.

"నేనింక పాడను కదండీ. అందుకే అడుగుతున్నాను."

"పాడనని మీరన్నారండి. నేననలేదు కదా. ఒక్క పాట పాడి రండి. బాగోకపోతే నేనే వేడివేడిగా వేసి పెడతాను."

"నా మీద జాలి పడుతున్నారా?"

"జాలి పడ్డానికి నేనెవరినండీ? రెండేళ్ళయిందండి మీ పాట విని. నాకు కావాలండి." ఆ మాట అంటుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కృపారావు గారు బజ్జీ లేకుండానే స్టేజీ వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ప్రోగ్రాం మొదలై నాలుగు పాటలయ్యాక, ఎవరికీ చెప్పకుండా స్టేజీ ఎక్కారు. నేను పరిగెత్తుకెళ్ళి మైకు ఎత్తు సరిచేశాను. ఇది పాడలేకపోతే ఆయన ఇక ఈ జన్మలో మైకు ముట్టరని నాకు తెలుసు.

ఒక పాత పాట ఎత్తుకున్నారు. రెండో పాదంలో గొంతు పైకి వెళ్ళబోయి చీలింది. సరిగ్గా అప్పుడే ఎడమపక్క నుంచి సుయ్యిమని చప్పుడు.

స్టేజీ మీదున్న వాళ్ళందరికీ ఆ చప్పుడంటే ఏమిటో తెలుసు. కీబోర్డు ఆగిపోయింది. కృపారావు గారు మైకు స్టాండుకి తగిలించేసి, దిగడానికి వెనక్కి తిరిగారు.

బండి దగ్గర జరిగింది ఇదీ. అచ్చమ్మ గారి కోడలు లావణ్య, సఖినేటిపల్లి పిల్ల, సాయానికి బండి దగ్గరికి రావడం అదే మొదలు. అత్తగారు పాటలో పడి స్టేజీ వైపే చూస్తుండిపోతే, బేరాలు పోతున్నాయనుకుని, మంచికే నాలుగు బజ్జీలు నూనెలో జార్చింది. ఈ పద్ధతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మాకందరికీ ఎంత అలవాటైపోయిందంటే, తెలియనివాళ్ళు కూడా ఉంటారన్న ధ్యాసే లేదు. అప్పటికి ఇవేమీ తెలియక, నేను మిక్సరు దగ్గర్నుంచే ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టబోయాను.

అచ్చమ్మ గారు ఎవరినీ ఏమీ అనలేదు. గ్యాస్ కట్టేశారు. పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి స్టేజీ మెట్లెక్కారు. జన్మలో మైకు ముందు నిలబడని మనిషి, నన్ను అడక్కుండా మైకు అందుకున్నారు.

"ఆ బజ్జీలు మా కోడలు వేసిందండి. కొత్తపిల్లండి, తెలీదు. నా చెయ్యి గిన్నెలోనే ఉందండి. కృపారావు గారూ, పాట మధ్యలో దిగిపోకూడదండి. మొదట్నించి పాడండి."

జనం నవ్వారు, అందులో ఎగతాళి లేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం బండి దగ్గరికి పోకుండా పై మెట్టు మీదే చతికిలబడ్డారు.

కృపారావు గారు కీబోర్డు వాయించే ఆయన వైపు వంగి, శ్రుతి బాగా కిందికి దించమన్నారు. మళ్ళీ ఎత్తుకున్నారు. నేను ఇన్నేళ్ళూ విన్న గొంతు కాదది. బరువుగా, గరుకుగా, మన పక్కనే కూర్చుని కష్టం చెప్పుకుంటున్నట్టు ఉంది. నేను ఎకో మొత్తం తీసేశాను. పందిరి కింద ఒక్క కుర్చీ కదల్లేదు. లావణ్య బండి దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. అత్తగారంటే భయంతోనో, పాటకో, ఆ పిల్లకే తెలియాలి. నాకైతే పాటకే ఏడుపొచ్చింది.

చప్పట్లు సద్దుమణిగాక ఆయన మెట్టు దగ్గరికి వచ్చారు. వైర్లు సర్దే వంకతో నేనూ అక్కడే ఉన్నాను.

"నిజం చెప్పండి అచ్చమ్మ గారూ."

"పైనున్నది పోయిందండి. అబద్ధమాడితే మీకు తెలిసిపోతుంది." అన్నారావిడ. "ఇన్నాళ్ళూ మీరు పైకెప్పుడు వెళ్తారా అని ఎదురుచూస్తా వినేదాన్నండి. కింద ఇంత ఉందని నాకు తెలీదు. మీకు తెలుసాండీ?"

ఆయన తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. తర్వాతి పాట పాడేవాళ్ళకి ఇవ్వడానికి నేను స్టాండు నుంచి విప్పుతున్న మైకు కేసి చూశారు.

"దాన్ని ఉండనియ్ మురళీ. ఇంకోటి కూడా నేనే పాడతాను" అన్నారు.