అడుగు పెట్టిన దాఖలా

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ బిజినెస్ స్కూలుకు ముందువైపు రెండంతస్తుల ఎత్తు అద్దాల గోడ, లోపల మెత్తటి సోఫాలు. చిన్న పరిశోధకులకు మాత్రం కింద, ఒకప్పుడు జవాబుపత్రాల కట్టలు పడేసిన కిటికీ లేని గది. మనిషి కాసేపు కదలకపోతే దీపం దానంతట అదే ఆరిపోతుంది, కాబట్టి చదువుతూ మధ్యమధ్య చెయ్యి ఊపాలి. ఆమె ఆరేళ్లుగా ఊపుతోంది.

వయసు ముప్ఫై మూడు. వదిన చుట్టాలందరికీ ఆమెను ప్రొఫెసరమ్మ అనే పరిచయం చేస్తుంది. కాగితం మీద చూస్తే ఏడాదికోసారి పొడిగించే ఒప్పందపు సహాయకురాలు. పొడిగించేది పై అంతస్తులోని పెద్దాయన. ఆయన ఉపన్యాసాలకు స్లైడ్లు చేసేది ఆమె, జవాబుపత్రాలు దిద్దేది ఆమె. బాగోగులు తేల్చమని పత్రికలవాళ్లు ఆయనకు పంపే పరిశోధన వ్యాసాలు కూడా "కాస్త చూడమ్మా" అన్న ఒక్క ముక్కతో ఆమె దగ్గరికే దిగేవి. ఆమె రాసిన అభిప్రాయం ఆయన పేరు మీద వెళ్లేది.

నిజం చెప్పాలంటే ఆ పనిలో ఆమెకు ఒక దొంగ సుఖం ఉండేది. అంత పెద్ద భవనంలో ఆమె అభిప్రాయం అడిగినవాడు లేడు, ఆ రెండు పేజీల్లో మాత్రం ఆమెదే తీర్పు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదట్లో ఒక్కో వ్యాసానికి నాలుగు రోజులు పెట్టేది. తర్వాత చెయ్యి తిరిగి ఒక మధ్యాహ్నంలో ముగించేది.

పక్క బల్ల అతనిది. నాలుగేళ్లు చిన్నవాడు, అక్కా అంటాడు. గదిలో అందరూ అతన్ని పూలాయన అంటారు. పద్నాలుగు నెలలపాటు తెల్లవారుజామున టోకు పూల మార్కెట్టుకు వెళ్లి, మోతకూలీలతో పాటు తానూ తట్టలు మోశాడు. మేస్త్రీ లేకుండా వాళ్లు బరువులు ఎలా పంచుకుంటారన్నది అతని పరిశోధన. తొమ్మిదింటికి తడి బూట్లతో వచ్చి, నడుం పట్టుకుని మెల్లగా కుర్చీలోకి దిగేవాడు.

"నీ పక్కన కూర్చుంటే నాకు సెంటు ఖర్చు మిగిలింది తమ్ముడూ" అనేది ఆమె.

ఏడాది చివరిలోగా ఒక్క వ్యాసమైనా అచ్చుకు ఒప్పుకోకపోతే అతని ఉద్యోగం పోతుంది. వ్యాసం పంపే ముందు అడిగాడు: "బాగోగులు తేల్చేవాళ్లకు ఎవరు రాశారో తెలియకూడదంట కదా అక్కా, ఎంతవరకు తీసెయ్యాలి?"

ఆమె పెద్దాయన స్లైడ్లలో మునిగి ఉంది. తల తిప్పకుండానే చెప్పింది. "నీ ఆనవాలు ఒక్కటీ మిగలకూడదు. అనుమానమొస్తే తీసెయ్."

నాలుగు నెలల తర్వాత పై నుంచి ఒక వ్యాసం దిగింది. ఏదో త్వరగా పాడయ్యే సరుకుల కేంద్రం, అందులో రవాణా సహాయకులు. చేపలో కూరగాయలో కూడా చెప్పలేదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, మనుషుల చెమట మాత్రం ఎక్కడా లేదు. ఆమెకు నిజంగానే ఒళ్లు మండింది. ఇక్కడ ఒకడు నడుం విరగ్గొట్టుకుంటుంటే, ఈ మహానుభావుడెవరో ఫ్యాను కింద కూర్చుని కూలీల గురించి రాసిపారేశాడు. పూలాయన తరఫున కోపం తెచ్చుకుని మరీ రాసింది: "రచయిత క్షేత్రంలో అడుగు పెట్టిన దాఖలా లేదు. బరువు మోసే మనుషుల గురించి బరువు ఎరగని చెయ్యి రాసిన రాత ఇది." బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకుని, తిరస్కరించమని పంపేసింది.

మూడు వారాలకు ఒక సోమవారం పూలాయన తన కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. "కొట్టేశారక్కా" అని చదివి వినిపించాడు. అడుగు పెట్టిన దాఖలా దగ్గరికి వచ్చేసరికి అది తన వాక్యమేనని ఆమెకు తెలిసింది.

"అందులో పూలేవి? నీ పద్నాలుగు నెలలేవి?"

"తీసేశాను. అవి చూస్తే నేనేనని ఎవరైనా పట్టేస్తారుగా. నువ్వే చెప్పావు కదా."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది.

"రాసినాయన గట్టివాడక్కా" అన్నాడు. "నేను మోశానే గానీ, తొమ్మిది కాగానే ఇక్కడికొచ్చి కుర్చీలో కూర్చునేవాణ్ణి. వాళ్లకా వీలు లేదుగా. ఆయన సరిగ్గా అదే పట్టుకున్నాడు." ఆ అభిప్రాయాన్ని కాగితం మీద అచ్చు తీసి తన బల్ల ఎదుట గోడకు గుచ్చుకున్నాడు.

ఆమె పై అంతస్తుకు పరిగెత్తింది. పెద్దాయన అంతా విన్నాడు. కోప్పడలేదు.

"పత్రికవాళ్లకు ఏమని రాయమంటావమ్మా? నా పేరు మీద వెళ్లినదాన్ని నేను చదవలేదనా? అయినా మంచి సమీక్ష అది, సంపాదకుడు మెచ్చుకున్నాడు కూడా. నీ పొడిగింపు కాగితం వచ్చే వారం సంతకం చేస్తున్నాను."

ఆమె దిగి వచ్చేసింది. కక్కలేక మింగలేక రెండు నెలలు గడిపింది. తీసేసినవన్నీ మళ్లీ పెట్టి ఇంకో పత్రికకు పంపుదాం, నేను కూర్చుంటాను అని రోజూ పోరింది. అతను సరేననేవాడు, ఫైలు తెరిచేవాడు, గోడ మీది కాగితం వైపు చూసి మూసేసేవాడు. ఏడాది ముగిసింది. బావగారి గోదాములో సరుకు లెక్క చూసుకునే పనికి ఒప్పుకున్నాడు.

చివరి రోజు మధ్యాహ్నం గోడ మీది కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఆ మాట రాసింది నేను తమ్ముడూ. పెద్దాయన నాకిచ్చాడు. నీదని తెలియక రాశాను. నువ్వు మోసిన బరువు నాకు తెలుసు. ఆ మాట అబద్ధం."

అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఊరుకో అక్కా. నన్ను ఓదార్చడానికి అంత మాట నెత్తిన వేసుకుంటావా? అది ఆ పనిలో పండిపోయినవాడి చెయ్యి. నీ వల్ల ఎక్కడవుతుంది?"

చూపిద్దామంటే ఏమీ లేదు. పంపగానే చెరిపెయ్యమని పెద్దాయన నియమం, చెరిపేసింది. కాగితం అడక్కుండానే, మొదటి వాక్యం నుంచి చివరి దాకా ఒక్క ముక్క పొల్లుపోకుండా ఏడుస్తూ అప్పజెప్పింది. అతను ఓపిగ్గా అంతా విన్నాడు.

"నీకూ కంఠతా వచ్చేసిందా" అన్నాడు. "నాకూ అంతే అక్కా." సంచీ భుజాన వేసుకుని, ఏడవకని చెప్పి వెళ్లిపోయాడు.