కాకినాడకు పంపిన పాలు

మొదటి కాన్పు. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి తీశారు. పాప ఏడ్చిందో లేదో కూడా నాకు సరిగా వినపడలేదు. ఊపిరి అందడం లేదని ఆ పూటే అంబులెన్సులో కాకినాడ పంపేశారు. బావ వెంట వెళ్లాడు. బావంటే నా మొగుడే, మా మేనమామ కొడుకు. నేను కుట్లతో యానాం ఆసుపత్రిలోనే మంచం మీద ఉండిపోయాను. చుట్టూ ఉన్న మంచాల మీద అందరికీ పిల్లలున్నారు. గోడ మీద బిడ్డకు పాలిస్తూ నవ్వుతున్న తల్లి బొమ్మ ఒకటి ఉండేది. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయేది.

పాలు పట్టే పద్ధతి నేర్పడానికి ఒక నర్సమ్మ వచ్చేది. తొలిచూలు వాళ్లందరికీ బిడ్డను ఎలా ఎత్తుకోవాలో, నోరు ఎలా పట్టించాలో చూపించి నా దగ్గరికి వచ్చింది. పక్కలో బిడ్డే లేదు, నాకెందుకండీ మీ పాఠం అన్నాను. నా నోరు అసలే మంచిది కాదు. ఆవిడ నొచ్చుకోలేదు. మంచం అంచున కూర్చుని, నెలలు తక్కువ పిల్లలకు తల్లిపాలు మందుకన్నా ఎక్కువని, చేత్తో పిండి పంపితే గొట్టంలోంచి పోస్తారని చెప్పింది. వేళ్లు ఎక్కడ పెట్టాలో, ఎలా నొక్కాలో నేర్పింది. ఎంత పిండినా గిన్నె అడుగు తడవలేదు. పసుపుపచ్చగా నాలుగు చుక్కలు. ముర్రుపాలు పిల్లకు అరగవని మా అమ్మ వాటిని పారబొయ్యబోయింది. నర్సమ్మ గబుక్కున గిన్నె అందుకుంది. "ఇవి కొనుక్కుంటే దొరకవు పిన్నిగారూ, పారబొయ్యకండి" అంది.

యానాంలోనే అగ్రహారం పేటలో ఉన్న అమ్మ ఇంటికి వచ్చాక నాకు అదే పని. మరిగించిన గిన్నె, చిన్న సీసా, ఐసు ముక్కలు వేసిన డబ్బా. బావ పొద్దున్నే అడవిపొలంలోని మా అత్తారింటి నుంచి బండి మీద వచ్చి డబ్బా పట్టుకుని కాకినాడ వెళ్లేవాడు, సాయంత్రం ఖాళీ సీసా తెచ్చేవాడు. ఫోన్లో పాప వీడియో చూపించేవాడు. అద్దాల పెట్టె, ముక్కులో గొట్టం, నిమ్మకాయంత మొహం. ఆ వీడియో చూసుకుంటూ పిండితే పాలు బాగా వచ్చేవి. అంత దూరాన ఉన్న పిల్లకు నేను చెయ్యగలిగింది ఇదొక్కటైనా ఉందని ధైర్యంగా ఉండేది. సీసా సగం దాటిన రోజున వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాలనిపించింది.

ఆ తర్వాత వీడియోలు ఆగిపోయాయి. లోపలికి ఫోను తేనివ్వడం లేదన్నాడు బావ. పాలు తాగుతోందా అంటే, శుభ్రంగా తాగుతోందనేవాడు. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చారు. అంతకుముందు పాపకు స్వస్థత కావాలని గొంతెత్తి అడిగిన మనిషి, ఈసారి నాకు ఆదరణ ఇమ్మని మాత్రం అడిగి ఆమెన్ అనేశారు. పాపను మర్చిపోయారేంటని అమ్మను అడిగాను. పెద్దాయన కదా, మతిమరుపు అంది. పచ్చి బాలింతకు చెడ్డ కబురు చెబితే మనిషి దక్కదని మా వైపు పెద్దవాళ్ల పట్టింపు. అది నేను ఎరగనిది కాదు. నా దాకా వస్తుందని మాత్రం తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ మల్లెపూల పొట్లం తెచ్చింది. పాలు గడ్డకట్టి సలుపుతోందన్నావు కదా, గుండెల మీద పెట్టి గుడ్డ కడితే చల్లగా ఉంటుందంది. పాలిచ్చే తల్లి దరిదాపులకు మా ఇళ్లలో మల్లెపూలు రానివ్వరు, పాలు ఎండిపోతాయని. ఎండిపోవాలనుకున్నప్పుడే తెచ్చి కడతారు. చదువుకున్న పిల్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనుకుంది పిచ్చి అమ్మ.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

అమ్మ పొట్లం వదిలేసి నేల మీద కూలబడింది. ఇక ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. తిట్టాను. అమ్మను, బావను, దేవుణ్ణి కూడా. తిడుతుంటే రవిక తడిసిపోతోంది. నా ఒంటికి ఇంకా ఆ కబురు అందలేదు. దాని మీద కూడా కోపం వచ్చింది. పాలు ఎలా పట్టాలో నేర్పేవాళ్లున్నారు. పట్టడానికి బిడ్డ లేనప్పుడు ఆ పాలతో ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. పాప మొహం నేను ఫోన్లో తప్ప చూడలేదు. ఆ దుఃఖం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు.

సాయంత్రం బావ వచ్చాడు, కడిగిన సీసాతో. నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. పాపను అడవిపొలంలో మట్టి చేశాక కూడా పొద్దున్నే వచ్చి నా చేతిలోంచి డబ్బా అందుకుని వెళ్తూనే ఉన్నాడు. ఆ పాలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని గోదావరిలో కలిపాడట. నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. నాకు ఒక్క సంగతి తెలియాలి.

"నిజం చెప్పు బావా. బతికుండగా నా పాలు ఒక్కసారైనా తాగిందా?"

"తాగిందే. గొట్టంలోంచి పోస్తుంటే పెదాలు చప్పరించింది. నేను చూశాను."

పాపను పాతిపెట్టి వచ్చి, శుభ్రంగా తాగుతోందని నాకు చెప్పిన మనిషి. ఎలా నమ్మను? నమ్మాను. నమ్మకపోతే నా పాలన్నీ గోదావరికే పోసినట్టు.