ఆయుధ పూజనాడు కట్టేసిన గాలిచక్రం

యుద్ధకాలంలో నన్ను సత్యవేడు వైపు ఒక బోడికొండ మీది కాపలా పోస్టుకు వేశారు. లారీ కొండ కింద దింపేసి వెళ్లిపోయింది. రైఫిలు, దుప్పటి, పనిముట్ల సంచి మోసుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో పైకెక్కాను. పైన ఒక గుడారం, ఇసుక మూటల గోడ, వైర్‌లెస్ సెట్టు, తాగునీళ్ల పీపా. తూర్పున దూరంగా సముద్రం. అటునుంచి శత్రువిమానం వస్తే మద్రాసుకు ముందుగా చెప్పాలి. అదీ మా డ్యూటీ.

మేం నలుగురం, అందరం చిత్తూరు జిల్లావాళ్లమే. హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటరు, వంటవాడు, ఫిట్టరునైన నేను. బ్యాటరీలు ఛార్జి చేసే పెట్రోలు ఇంజను నేను వెళ్లిన కొన్నాళ్లకే చెడిపోయింది. కొత్తది పంపమంటే, ఉన్నదానితో సర్దుకోండని జవాబు. కొండెక్కించి గాలి తిని బతకమన్నట్టుంది. నాకు ఒళ్లు మండింది. సరే, గాలినే వాడుకుందామనుకున్నాను. అలాంటి చక్రం బొమ్మ ఆపరేటరు ఎక్కడో చూశాడట. ఖాళీ నూనె పీపాను నిలువునా రెండుగా కోసి, నిలువు ఇరుసుకు అటొక ముక్క, ఇటొక ముక్క బిగించాను. ఒకదాని బోలు ఇటు, రెండోదాని బోలు అటు. కింద సైకిలు చక్రం, బెల్టు, లారీ డైనమో. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా తిరిగేది. ఒకటే తిక్క. ఆగిందంటే మళ్లీ చేత్తో తోయాలి.

ఆయుధ పూజ వచ్చింది. ఇళ్లలో నాగలినీ కొడవలినీ కదిలించని రోజు. వంటవాడు చక్రాన్ని కడిగి పసుపు రాసి బొట్లు పెట్టాడు. "రోజూ చాకిరీ చేసేదే కదప్పా. ఈ దినం దానికీ సెలవియ్యండి" అన్నాడు. ఎవరం కాదనలేదు. హవల్దారే తాడుతో కట్టేశాడు. సెట్టుకు మాత్రం సెలవు లేదు, బ్యాటరీ అయిపోతూనే ఉంది.

తెల్లారేసరికి వంటవాడు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఎగువన కురిసిన వానకు కొండ కింది వాగు పొంగి దారి తెగింది. సెట్టు మీద డాక్టరును పిలవడమొక్కటే దిక్కు. ఆపరేటరు మీట నొక్కి చూశాడు.

"బ్యాటరీ సచ్చిపోయినాదన్నా."

తాడు విప్పి చక్రాన్ని తోశాను. గాలి చాలా పల్చగా ఉంది. అర చుట్టు తిరిగి అడ్డంగా నిలబడిపోయింది. మళ్లీ తోశాను. మళ్లీ అక్కడే ఆగింది.

"వీడికేమన్నా అయితే వాళ్లింట్లో ఏం చెప్పేదప్పా?" అన్నాడు హవల్దారు.

పూజలో మిగిలిన పసుపు గుప్పెడు తీసి చక్రం మీదికి ఊదాను. గాలి చేసే పని కంటికి కనబడింది. పీపా ముక్కలోకి దూరి, పోయే దారి లేక అక్కడే సుడి తిరుగుతోంది. రెండు ముక్కల అంచులూ ఇరుసుకు ఆనించి దారి మూసింది నేనే. విప్పి, అంచులు ఒకదాన్నొకటి దాటేలా జరిపి, మధ్యలో బెత్తెడు సందు వదిలాను. మళ్లీ ఊదాను. పసుపు మొదటి ముక్కలోకి వెళ్లి, సందులోంచి జారి, రెండోదాని కడుపును తాకింది. ఒకే గాలి రెండుసార్లు తోస్తోంది.

అయినా అడ్డం తిరిగినచోట చక్రం మొండికేస్తూనే ఉంది.

"దీని పైన ఇంకో జత పెట్టాల, దీనికి అడ్డంగా. ఇది నిలబడిపోయినప్పుడు అది లాగుతాది" అన్నాను.

"ఇంకో పీపా యాడుండాది?" అన్నాడు ఆపరేటరు.

తాగునీళ్ల పీపా వైపు చూశాను. ఆ కొండ మీద చుక్క నీరు నిలవదు. హవల్దారు బిందెలు తెచ్చి పీపా పక్కన పెట్టాడు.

"కోసెయ్ అబ్బా. నీళ్లు నేను మోస్తా."

బిందెలకు పట్టినన్ని పట్టి మిగతావి పారబోశాం. పై జత బిగించి చేతులు తీశాను. ఎవరూ తోయలేదు. చక్రం దానంతటదే కదిలింది. ఆగలేదు. డైనమో మీటరులో ముల్లు లేచింది. ఆపరేటరు పరుగున వెళ్లి వైర్లు బ్యాటరీకి తగిలించాడు.

మధ్యాహ్నానికి సెట్టు పలికింది. "మనిషికి కడుపునొప్పి, జ్వరం. వాగు పొంగినాది. డాక్టరు కావాల" అని ఆపరేటరు పంపాడు. పొద్దు వాలకముందే డాక్టరు, మనుషులు వాగుకు తాళ్లు కట్టి దాటి వచ్చారు. ఇంకొక్క రాత్రి ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

యుద్ధం ముగిశాక రైఫిలు అప్పగించి చిత్తూరు వచ్చేశాను. తుపాకి పేల్చినావా అని ఇక్కడ అందరూ అడుగుతారు. పేల్చలేదు. కళ్లు మూస్తే నాకు కనబడేది వేరు. వంటవాడిని డోలీలో దించుతున్నారు. జరిగింది విని, చక్రం పక్కన ఆపమన్నాడు. అది తిరుగుతూనే ఉంది. దాన్నే చూస్తూ అరచెయ్యి పైకెత్తి గాలి కోసం వెతుక్కున్నాడు. చేతికి ఏమీ తగల్లేదు.

"ఇంత గాలేనా అబ్బా?" అన్నాడు.