నాలుగో రీలులో బాలనర్సింహ

నాచారం బాలనర్సింహ గప్పాలరాయుడని ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. అతని పెళ్లాం మైసమ్మ పోయిందని మొన్ననే తెలిసింది. ఆమె బతికుండగా నోరు విప్పని పిరికిపందను, ఇప్పుడు రాస్తున్నాను. చదివి నన్ను తిట్టదలచుకున్నవాళ్లు నిరభ్యంతరంగా తిట్టవచ్చు.

ముందు అతని సంగతి. నాచారంలో వాళ్ల నాయన జొన్నలు వేసిన చేను కంపెనీ షెడ్లలో పోయింది. ఆ చేనులో లేచిన షెడ్డులోనే బాలనర్సింహ ఇనుము మోసేవాడు. ముందు పన్ను ఒకటి విరిగి ఉండేది. అయినా నోరంతా తెరిచి నవ్వేవాడు. సినిమా అంటే ప్రాణం. నేను ఉప్పల్ డేరా టాకీసులో ఆపరేటర్‌ని. ఏ బొమ్మ వేసినా మొదటి ఆటకు నేల టికెట్టులో ముందు వరుస అతనిదే.

అరవై ఏడులోనో ఏమో, నాచారం గుట్టల దగ్గరికి షూటింగువాళ్లు వచ్చారు. అదో విచిత్రమైన కథ. కొందరికి ఒక శక్తి ఉంటుంది, ఇక్కడ కళ్లు మూస్తే ఢిల్లీలో తేలతారు. వాళ్లను పట్టుకోవడానికి దుండగులు వెంటపడతారు. మాయమయ్యేవాళ్లలో ఒకడిగా గుట్ట మీద నిలబడడానికి గట్టి మనిషి కావాలని బాలనర్సింహను ఒకరోజు పిలిచారు. ఆ ఒక్కరోజు ముచ్చట అతను బతికినన్నాళ్లూ చెప్పాడు.

"కెమెరా ఆపంగనే అందరు రాళ్లోలె నిలవడాలె, భూషణమన్నా. ముక్కు మీద ఈగ వాలినా కదలొద్దు. నేనొక్కన్నే నడుసుకుంట పక్కకు వోతిని. సిన్మల సూస్తే నవ్వుకుంట మాయమైనట్టే!"

కల్లు కాంపౌండులో ఇదే, హోటల్లో ఇదే. "ఏందిరా, ఇంక మాయం కాలేదా?" అని దోస్తులు ఆడుకునేవాళ్లు. సినిమా బయటికి రావడానికి మూడేళ్లు పట్టింది. ఈలోగా అతనికి కామెర్లు వచ్చాయి. ఆకుపసరు పోశారు, దవాఖానాకు తీసుకుపోయారు. మూడు వారాల్లో మనిషి లేడు. కూతురు రుక్కమ్మకు అప్పటికి మూడేళ్లు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. తండ్రి ముఖం ఆ పిల్లకు గుర్తే లేదు.

"సిన్మ వస్తది గద, అండ్ల సూపిస్త నా బిడ్డకు," అనేదట మైసమ్మ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ.

ఇక నా సంగతి. నాచారం పోయే ఆఖరు బస్సు తొమ్మిదింటికి. మొదటి ఆట అంతలోపు ముగియకపోతే షెడ్ల కార్మికులు మా డేరా ముఖం చూడరు. అందుకని పొడుగు బొమ్మ వస్తే ఓనరు జనార్ధనరావు గారు, "భూషణం, కాస్త సన్నం చెయ్యవయ్యా," అనేవారు. రీలులో ముక్కలు కోసి దాచడం, ప్రింటు వెనక్కి పోయేటప్పుడు బుద్ధి ఉన్నవాడు అతికించి పంపడం. ప్రింటు మీద కత్తెర పడిందని సినిమా కంపెనీకి తెలిస్తే మాత్రం ఆపరేటర్ ఉద్యోగం హుళక్కి. పాటల జోలికి పోకూడదు, జనం డేరా పీకుతారు. కొట్లాటలయితే పరవాలేదు.

ఈ బొమ్మ పదహారు రీళ్లు. నాకేమో పండగే! మనుషులు మాయమయ్యే కథలో కత్తెర ఎక్కడ పెడితే మాత్రం ఎవడికి తెలుస్తుంది? నాలుగో రీలులో గుట్ట మీది కొట్లాట దాదాపు మొత్తం లేపేశాను. బాలనర్సింహ గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. కానీ అతని మాట నేనూ నమ్మలేదు. ఛీ, ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

మొదటి రోజు నేను కోసిన చోట మనుషులు ఉన్నట్టుండి మాయమైతే, దానికి కూడా ఈలలు పడ్డాయి. నేను మీసం దువ్వుకుంటూ ఉండగానే, నాలుగో రీలు తీసి అయిదోది ఎక్కించే సందులో మైసమ్మ మిషను గది దగ్గరికి వచ్చింది. చంకలో అయిదేళ్ల రుక్కమ్మ.

"అన్నా, గుట్ట కాడి కొట్లాట అయిపోయిందా? మా ఆయన రాలేదేంది?"

నేల టికెట్టులోంచి ఎవడో అరిచాడు. "బాలనర్సింహ నిజంగనే మాయమైండే!" డేరా అంతా గొల్లుమంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. "వచ్చాడమ్మా, నువ్వు రెప్ప వేసి ఉంటావు," అన్నాను. "ఆరో రీలులో మళ్లీ వస్తాడు. తెల్ల తలపాగా, వీపు ఇటు తిప్పి ఉంటాడు చూడు."

ఆ తలపాగావాడెవడో నాకేం తెలుసు! ఆరో రీలు వచ్చింది. "అగో, మా నాయిన!" అని పిల్ల వేసిన కేక మిషను చప్పుడులో కూడా నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే కోసిన ముక్కలు వెలుతురుకు పెట్టి చూశాను. ఉన్నాడు. గుట్ట మీద, విరిగిన పన్నుతో, నోరంతా తెరిచి నవ్వుతూ ఉన్నాడు బాలనర్సింహ. ఆ పక్క ఫ్రేములో ఒట్టి బండరాయి. అతికిద్దామని కూర్చున్నాను. అప్పుడే ఓనరు గారు సినిమా కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏం చేస్తున్నావు భూషణం?"

"ఏం లేదండీ," అని ముక్కలన్నీ రేకు డబ్బాలోకి తోసేశాను. ఆ మనిషి ఆఖరి ఆట దాకా డేరా వదల్లేదు. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకున్నాను. రుక్కమ్మ మాత్రం రెండో రోజు వాడకట్టు పిల్లలందరినీ తోలుకొచ్చి తలపాగా వీపును చూపించింది.

మూడో రోజు, ఆఖరి రోజు, ఆట మొదలుకాక ముందే మైసమ్మ ఒక్కతే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి కొంగు సర్దుకుంది.

"అన్నా, గా తలపాగాయన మా ఆయన గాదు. ఎనిమిదేండ్లు సంసారం జేసిన, నాకు ఆ వీపు ఎర్క లేదా? మా ఆయన సిన్మల లేనే లేడు. ఉత్త గప్పాలు గొట్టిండు, పిచ్చిదాన్ని, నమ్మిన. నీకు తెలిసి గూడ, తండ్రిలేని పిల్ల అని, నా బిడ్డ కోసం అబద్ధమాడినవ్. నీ కడుపు సల్లగుండ. జర గీ ముచ్చట దానికి ఎన్నడు సెప్పకన్నా. తండ్రి అబద్ధాలోడని దానికి తెల్వద్దు."

అని నాకు రెండు చేతులూ జోడించింది. రేకు డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది.

"చెప్పనమ్మా," అన్నాను.