ప్లగ్గు నా చేతిలోనే ఉంది

ఆ రేడియోను కాల్చింది నేను. సాంబయ్య మామ కాదు. ఈ ఒక్క మాట చెప్పకుండా మూడేళ్లు తిరిగాను. ఆ రాత్రి సంగతి కూడా దాచాను. ఇందులో ఒక్క అక్షరం కల్పించినా నేను తినే అన్నం మీద ఒట్టు.

వరంగల్ స్టేషన్ రోడ్డులో మా ఇద్దరిదీ ఒకే రిపేరు కొట్టు. నాకు పని నేర్పింది మామే. ఒకరోజు బట్టల సేటు రాజలింగం తన ట్రాన్సిస్టర్ ఎలిమినేటర్ తెచ్చాడు. సెల్స్ లేకుండా గోడ కరెంటుతో రేడియో నడిపే చిన్న డబ్బా అది. దాని వైరు చివర, రేడియోలో గుచ్చే పిన్ను దగ్గర తెగింది. కదిలిస్తే రేడియో పలికేది, వదిలితే ఆగేది.

ప్లస్, మైనస్ తారుమారైతే రేడియో కాలిపోతుంది కాబట్టి, పాత పిన్ను కోసే ముందు ప్లస్ వైరుకు ఎర్రదారం ముడి వేయడం మామ అలవాటు.

"వైర్లకు తాయత్తు కడుతున్నవా మామా?" అని నవ్వేవాణ్ణి.

"నవ్వు అల్లుడా, నవ్వు. ఉల్టా వెడితె రేడియో నవ్వది."

ఆ రోజు పిన్ను మార్చింది నేను. దారం కట్టలేదు. మర్నాడే సేటు ఆ ఎలిమినేటర్, మాడిన వాసన కొట్టే రేడియో పట్టుకుని వచ్చాడు.

"పిన్ను ఏసియ్యమంటే రేడియోనే కాలవెడితిరి గదనయ్యా! ఎవలు చేసిండ్రు?"

"మామ చేసిండు సేటూ." నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

మామ గొడవపడలేదు. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. కళ్లజోడు తుడుచుకుంటూ, "నేనే చేసిన్నేమో... కండ్లు సక్కగ ఆనుతలెవ్వు" అన్నాడు. రోజూ ఎన్నో పిన్నులు మార్చే మనిషి, ఏది ఎవరు చేశామో గుర్తుండదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. సాయంత్రం పనిముట్లు సంచిలో వేసుకుని తన ఊరు ధర్మసాగర్ వెళ్లిపోయాడు.

మా పనిలో ఎవరి అతుకో చూడగానే తెలిసిపోతుంది. సేటు మా కొట్టులోనే పడేసి వెళ్లిన ఎలిమినేటర్‌ను ఇంకో కొట్టుకు పట్టుకెళ్లేలోపు నా అతుకు చెరిపేయాలి. ఆ రాత్రి షట్టరు సగం దించి కూర్చున్నాను. ప్లగ్గు పెట్టి మీటరుతో చూశాను. ఉల్టానే. ఇంతలో కరెంటు పోయింది. వీధంతా చీకటి. ప్లగ్గు పీకేశాను.

డబ్బా మీది చిన్న ఎర్ర బల్బు... ఆరలేదు.

లోపల కెపాసిటర్లో కాస్త కరెంటు మిగులుతుంది. నాకు తెలుసు. రెండు క్షణాలు... మూడు... ఆగాను. ఆరలేదు. డబ్బాలోంచి సన్నగా... గుయ్... అని మోత. ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. దాని ఇత్తడి పుల్లలు తడిమాను... చల్లగా ఉన్నాయి.

ఆ ఎర్ర వెలుతురులో నా అతుకు కనిపించింది. తొందరగా, మందంగా వేసిన అతుకు. కత్తెర తీసి వైరు మీద పెట్టాను.

మోత ఆగింది. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు.

కత్తెర పక్కన పెట్టాను. మళ్లీ... గుయ్...

కొట్టు మూయకుండానే బయటపడ్డాను.

తెల్లారి చూస్తే బల్బు ఆరి ఉంది. డబ్బా విప్పాను. లోపల అన్నీ మామూలే. ఆ తర్వాత ఎన్నో ఎలిమినేటర్లు విప్పాను. ఏదీ అలా చేయలేదు. నా భయమేనా? భయం చేతికి వెచ్చగా తగులుతుందా? ఇప్పటికీ తెలియదు.

సేటు కొత్త రేడియో కొనుక్కున్నాడు. పాత ఎలిమినేటర్ అడగలేదు. నేను బతికిపోయాను. మామ మాత్రం ఇంట్లో రేడియో మూగబోయినా ముట్టుకోవడం లేదని తెలిసింది.

మొన్న సేటును వెంటబెట్టుకుని ధర్మసాగర్ వెళ్లాను. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను.

"మామా, ఆ వైరు ఉల్టా వెట్టింది నేను. నీ కండ్లది తప్పు కాదు, నీ చేతులది కాదు. నీ మీదికి తోసిన. సేటు ముందటనే చెప్తున్న... మాఫ్ చెయ్యి మామా."